ఏడో లెవెల్ ఫ్యాన్ ఎవరి మాట వింటోంది?

రోజు 201

ఏడో లెవెల్ ఫ్యాన్ అబద్ధమాడుతోంది. ఫ్యాన్ కాకపోతే గట్టయ్య. నా అనుమానం గట్టయ్య మీదే.

పన్నెండు రోజుల క్రితం గాలి ప్లగిన్ కొత్త వెర్షన్ ప్యాక్ చేసి ఏడు లెవెళ్లకూ పంపాను. ఫ్యాన్‌లు నడిపే పెద్ద ప్రోగ్రామ్ ఎప్పటిదో. ఈ పాత బొగ్గు గనిలోకి కాపురానికి దిగినప్పుడు మా పెద్దలు వెంట తెచ్చిన లినక్స్ మీదే ఇప్పటికీ నడుస్తోంది, దాన్ని ఎవరూ ముట్టుకోరు. గోడల మీది మీటర్లు చదివి, ఫ్యాన్ ఎప్పుడు తిరగాలో ఎప్పుడు ఆగాలో దానికి చెప్పే చిన్న ముక్కే ప్లగిన్. ఆ ముక్క రాసింది నేను, ప్యాక్ చేసి పంపేదీ నేనే. కొత్త వెర్షన్‌తో ఫ్యాన్‌ల కరెంటు నాలుగో వంతు తగ్గాలి. ఆరు లెవెళ్లలో అనుకున్నట్టే తగ్గింది. ఏడో లెవెల్లో ఒక్క యూనిట్ తగ్గలేదు. ముందు ఎంత తాగేదో ఇప్పుడూ అంతే తాగుతోంది.

పైన ఇవాళ యాభై ఎనిమిది డిగ్రీలు. సోలార్ పలకలు తుడిచేవాళ్లు గంటకోసారి మారుతున్నారు. వాళ్లు అంత కష్టపడి దింపిన కరెంటును అడుగున ఎవడో దర్జాగా ఊదేస్తుంటే నాకు ఒళ్లు మండదా?

రోజు 202

ముసుగు బట్ట ఉతుక్కుని, అంబలి తాగి గదికి వస్తుంటే మందుల కిటికీ దగ్గర పెద్ద లైను కనిపించింది. అందరూ నాలుగో లెవెల్ వాళ్లు, అందరికీ తలనొప్పి మాత్రలే కావాలి. పోయిన నెల పైనుంచి దిగిన ముప్పై కుటుంబాలు ఇవి. ఇంకా మంచాలు కూడా అందలేదు, అప్పుడే పని ఎగ్గొట్టడం నేర్చారు. ముప్పై ఇళ్లకూ ఒకేసారి తలనొప్పి వస్తుందా ఎక్కడైనా?

సరే, నా సంగతి. మా యంత్రాల్లో ప్లగిన్‌లు పెట్టడానికి మూడు చోట్లున్నాయి: ఇల్లు, వాడ, ఊరు. ఊరు అందరిదీ, అందులో నేను తప్ప ఎవరూ ఏమీ పెట్టలేరు. వాడ ఆ లెవెల్ వాళ్లది, ఆపద్ధర్మానికి. ఇల్లు ఎవరిది వారిది. యంత్రం ప్లగిన్ కోసం ముందు ఇంట్లో వెతుకుతుంది, లేకపోతే వాడలో, అక్కడా లేకపోతే ఊరులో. ఈ వరస పెట్టింది నేనే. ప్యాకేజీ మాత్రం ఎప్పుడూ ఊరులోకే వెళ్లాలి. 'ప్యాకేజీ ఎవరి ఇంట్లోనూ చెయ్యి పెట్టదు' అని ఈ గది గోడ మీద సున్నంతో రాసింది కూడా నేనే. ఇళ్లలో జనం పాటలుంటాయి, ఉత్తరాలుంటాయి, నాకెందుకు?

నా బల్ల మీది యంత్రాన్ని అడిగాను, గాలి ప్లగిన్ ఎక్కడ దొరికిందని. 'ఊరు' అంది. ఏడో లెవెల్ వాడలోకి ఇక్కడినుంచే తొంగిచూశాను. ఖాళీ.

అంటే రేపు కిందికి దిగాల్సిందే.

రోజు 203

దిగాను. ఏడో లెవెల్లో గోడలు ఊటతో తడిగా ఉంటాయి. నేల చల్లగా ఉంటుందని జనం బండల మీదే చాపలు పరుచుకుని పడుకుంటారు. మంచాలిస్తే వాటి మీద సామాన్లు పేర్చుకున్నారు. వాళ్ల పద్ధతి వాళ్లది.

ఫ్యాన్ గదిలో గట్టయ్య నన్ను చూడగానే లేచి తెరకు అడ్డంగా నిలబడ్డాడు. తెర మీద ఎర్ర తువ్వాలు కప్పి ఉంది.

"ఈ తువ్వాలేంది గట్టయ్యా?"

"దుమ్ము పడ్తాంది సారూ."

"ఊట కారే లెవెల్ల దుమ్మెక్కడిది?"

తువ్వాలు అంచు సర్దాడు. "చెమ్మ గూడ పడ్తాంది సారూ."

నా అనుమానం అక్కడే రెండింతలైంది. నీ ఇల్లు చూపిస్తావా అన్నాను. "సూడుండ్రి, నాకేమున్నది దాసుకునేటందుకు" అని పక్క యంత్రంలో తెరిచి చూపించాడు. నలభై ఒగ్గు కథలు, వాళ్ల తమ్ముడి పెళ్లి ఫోటోలు. ప్లగిన్ అన్నదే లేదు. ఆ యంత్రంలోనే నా పేరుతో లోపలికి వెళ్లి అడిగాను, ఏడో లెవెల్ గాలి ప్లగిన్ ఎక్కడుందని. 'ఊరు' అనే చెప్పింది.

ప్లగిన్ నాదే నడుస్తోంది, కరెంటు మాత్రం తగ్గడం లేదు. అయితే మిగిలింది ఒక్కటే దారి. గట్టయ్య చేత్తో స్విచ్ వేసి ఫ్యాన్ తిప్పుతున్నాడు. తన లెవెల్ వాళ్లు చల్లగా పడుకోవాలని ఊరందరి కరెంటూ తాగిస్తున్నాడు.

ఈ గది ఇదివరకు స్వరూపది. ఈదునూరి స్వరూప, గట్టయ్యకు పని నేర్పిన మనిషి. ఆమె ఉన్నప్పుడూ ఈ లెవెల్ ఎక్కువే తాగేది. లోతు వల్ల కాబోలు అనుకుని ఊరుకున్నాను. నోరున్న మనిషి, నాతో వాదించకుండా ఒక్క వారం గడిపింది లేదు. పోయిన ఏడాది పలకలు తుడిచే వంతుకు పైకి వెళ్లి వడదెబ్బకు పోయింది. 212వ రోజుకు ఏడాది నిండుతుంది. మా దగ్గర మనిషి పోయినా యంత్రంలో వాళ్ల ఇల్లు ఏడాది వరకు ముట్టుకోం. తర్వాత అయినవాళ్ల ముందు అందులో ఉన్నవన్నీ పేరుపేరునా చదివి ఖాళీ చేస్తాం. చదివే పని నాది. జాబితాలో రాసుకున్నాను.

రోజు 205

గాలి కమిటీ పెద్ద రాజేశం దగ్గరికి వెళ్లి గట్టయ్య మీద ఫిర్యాదు రాసిచ్చాను. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఎవల మీదనన్న అనుమానం లేకుంటె నీకు తిండి అరుగదా మౌళీ?"

"తెర మీద తువ్వాలు కప్పిండు సార్."

"పోయినేడు నీళ్ల మీటరు మీద పెట్టినవ్. అంతకు ముందు నా కుర్చీ మీద పెట్టినవ్, ఎత్తు పెంచుకున్ననని."

"పెంచుకున్నరు గదా!"

"ఇటుక పెట్టుకున్ననయ్యా, నడుము నొస్తాంది." అయినా సంతకం పెట్టాడు. తేలేవరకు గట్టయ్య ఫ్యాన్ గదిలోకి వెళ్లకూడదు, 207వ రోజు దాకా ఆరో లెవెల్ మనిషి చూస్తాడు, ఆ తర్వాత విచారణ బాధ్యత నాది.

బయటికి వస్తుంటే గట్టయ్య ఎదురుపడ్డాడు. తిడతాడేమో అనుకున్నాను, తిట్టలేదు. "ఒక్క వారం ఆగితె ఏం పోతుండె సారూ" అన్నాడు. ఏ దొంగ అయినా అడిగేది గడువే.

రోజు 208

తువ్వాలు తీశాను.

తెర పైవరసలో ఇలా ఉంది. ప్రోగ్రామ్: ఫ్యాన్ ఏడు. నడుపుతున్నవారు: ఈదునూరి స్వరూప.

చదివింది మళ్లీ చదివాను. చనిపోయిన మనిషి పేరు మీద ఫ్యాన్ నడుస్తోంది. పాత ఆపరేటర్ పోతే నెలలోపు కొత్త ఆపరేటర్ ఒక్కసారి ప్రోగ్రామ్ ఆపి, తన పేరు మీద మొదలుపెట్టాలి. రూల్ నాదే. గట్టయ్య మొదలుపెట్టలేదు.

కబురు పంపితే వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు, లోపలికి రావడానికి తనకు అనుమతి లేదట.

"ఓదెలన్న అడిగిండు సారూ. ఏడాది దాక ఆమె పేరు తియ్యకు తమ్మీ అన్నడు. పెండ్లాం పోయిన మనిషి. ఎట్ల కాదంట? మీరు పైనుంచి సూస్తె తెలుస్తదని తువ్వాలు కప్పిన."

"నడిపేది ఆమె పేరు మీద అయితే ప్లగిన్ ఊరులో ఉన్నదని నాకెట్ల చెప్పింది?"

గట్టయ్య నన్ను వింతగా చూశాడు. "మీరు మీ పేరు మీద అడిగిండ్రు గదా. మీరడిగితె మీ ఇల్లు సూసి, వాడ సూసి, ఊరు సూపిస్తది. ఫ్యాన్ అడిగితె ముందుగాల ఆమె ఇల్లే సూస్తది."

ముప్పై ఏళ్లుగా ప్యాకేజీలు కడుతున్నాను. నేనే పెట్టిన వరస, దాన్ని నాకే గడప అవతల నిలబడి ఒకడు విప్పి చెప్పాల్సి వచ్చింది. తల కొట్టేసినట్టయింది. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, అది అడగాల్సింది ఫ్యాన్ పేరు మీద. అడిగాను. జవాబు: 'ఇల్లు'.

స్వరూప ఇంట్లో ఏదో ఉంది. నా ప్లగిన్‌ను పక్కకు నెట్టి రెండొందల పన్నెండు మంది గాలిని అదే నడుపుతోంది. ఇంకా నాలుగు రోజుల్లో ఆ ఇంటిని ఖాళీ చేయబోయేది నేనే.

రోజు 209

పోయినవాళ్ల ఇల్లు తెరవడానికి అయినవాళ్లు ఒప్పుకోవాలి. స్వరూప భర్త ఓదెలు పుట్టగొడుగుల అరల దగ్గర నీళ్లు చల్లుతున్నాడు. సంగతి చెప్పాను. గట్టయ్య మీద ఫిర్యాదు పెట్టింది నేనేనని అతనికి తెలుసు, అయినా మర్యాదగానే మాట్లాడాడు.

"ఆ ఫ్యాన్ తిరుగుతుంటె ఆమె డ్యూటీల ఉన్నట్టె అనిపిస్తది సారూ. పండుకునేటప్పుడు వింట. గంతే. గట్టయ్యను ఏమనకుండ్రి, అడిగింది నేను."

ఇద్దరం కూర్చుని తెరిచాం. పాటలు, వంటల కొలతలు, నామీద రాసిన ఒక పేజీ తిట్లు (ఓదెలు గబుక్కున మూయబోయాడు, నేను చదివాను, బాగానే రాసింది). వాటి మధ్య గాలి ప్లగిన్. నాది ఏ పేరో దానిదీ అదే పేరు. రెండేళ్ల నాటిది. తెరిస్తే మొదట్లోనే మూడు వాక్యాలున్నాయి.

'మౌళి సారు దీన్ని ఊర్లె పెట్టేదాక నా ఇంట్లనె ఉంటది. పెట్టినంక దీన్ని తీసెయ్యాలె. యాది మర్వద్దు.'

నేను పెడతాననే నమ్మకం ఉంది ఆమెకు.

కింద తేడా ఒక్కటే. బొగ్గుపులుసు గాలి, అంటే కార్బన్ డయాక్సైడ్, కొలవడానికి మాకు లెవెల్‌కు నాలుగు మీటర్లు: మూడు తల ఎత్తున, ఒకటి నేలకు జానెడు ఎత్తున. నా ప్లగిన్ నాలుగింటి సగటు తీసి, అది ఒకటిన్నర శాతం దాటితే ఫ్యాన్ తిప్పుతుంది. పాత వెర్షన్‌లో ఈ హద్దు ఇంకా తక్కువ, కరెంటు ఆదా కోసం నేనే పెంచాను. ఆమెది సగటు తీయదు. నాలుగింట్లో ఏ ఒక్కటి ఒకటిన్నర దాటినా తిప్పుతుంది.

గదికొచ్చి పాత అర్జీల పెట్టె తిరగేశాను. స్వరూప రాసింది దొరికింది, రెండు పేజీలు. మొదటి పేజీ కింద నా చేతిరాతతో 'అవసరం లేదు' అని ఉంది. రెండో పేజీ మీద మడత కూడా లేదు. అందులో రాసింది: బొగ్గుపులుసు గాలి బరువైంది, అడుగున పేరుకుంటది, మా లెవెల్ల అందరం కిందనే పండుకుంటం.

అయినా ఆమె మాటే నిజమని ఏమిటి నమ్మకం? నోరున్న మనిషి, ఉన్నదానికి నాలుగింతలు చెప్పే అలవాటుంది. కొలిస్తే గానీ ఒప్పుకోను.

రోజు 210

ఏడో లెవెల్ వాళ్లంతా పనుల్లో ఉన్న షిఫ్టులో పడక హాలు ఖాళీ చేయించి పరీక్ష పెట్టాను. ఓదెలు ఒప్పుకున్నాక ఫ్యాన్‌ను ఆమె పేరు మీద ఆపి, నా పేరు మీద మొదలుపెట్టాను. ఇప్పుడు అది నా ప్లగిన్ మాట వింటుంది. రాజేశం దగ్గర అనుమతి తెచ్చి గట్టయ్యను ఫ్యాన్ దగ్గర కూర్చోబెట్టాను. చేతి మీటరు తీసుకుని ఒక చాప మీద పడుకున్నాను.

మనుషులు లేకపోయినా గోడల్లోని పాత బొగ్గు ఆ గాలిని ఊదుతూనే ఉంటుంది. అరగంటకు నేల దగ్గర ఒకటి పాయింట్ ఆరు. ఫ్యాన్ తిరగలేదు. గంటకు రెండు పాయింట్ మూడు. తల ఎత్తున సున్నా పాయింట్ నాలుగే, అందుకని సగటు ఒకటి కూడా లేదు, తెర మీద అంతా పచ్చగా ఉంది. గంటన్నరకు మూడు పాయింట్ రెండు. కణతల్లో సుత్తితో కొడుతున్నట్టుంది, ఊపిరి తొందర తొందరగా వస్తోంది. లేద్దామనుకున్నాను. ఇంకొంచెం చూద్దాం అనిపించింది. అలా అనిపించడమే దాని గుణమని తర్వాత తెలిసింది.

గట్టయ్య వచ్చి చంకల కింద చేతులేసి లేపాడు. "సాలు సారూ, సూసింది సాలు." నిలబడగానే గాలి మారింది. తల ఎత్తున ఏమీ లేదు, హాయిగా ఉంది.

లెక్క కట్టాను. మిగతా మూడూ సున్నా పాయింట్ నాలుగే చూపిస్తే, నా సగటు ఒకటిన్నర దాటడానికి నేల దగ్గర నాలుగు పాయింట్ ఎనిమిది ఉండాలి. మెలకువగా ఉన్న నేనే మూడు పాయింట్ రెండులో లేవలేకపోయాను. నిద్రలో ఉన్నవాళ్ల మాటేమిటి? ఎల్లుండి స్వరూప ఇల్లు ఖాళీ చేసి, గట్టయ్య పేరు మీద ఫ్యాన్ మొదలుపెట్టి, కరెంటు తగ్గిందని సంబరపడి పైకి వెళ్లిపోయేవాణ్ని. రెండొందల పన్నెండు మంది చాపల మీద.

ఫ్యాన్‌ను మళ్లీ ఆమె పేరు మీదే నడిపించాం. ఆమె పాస్‌వర్డు ఓదెలే కొట్టాడు.

రోజు 211

ఇవాళ తేల్చాల్సింది, ఆమె ప్లగిన్‌ను ఎక్కడ పెట్టాలి?

తేలిక దారి ఒకటుంది, దాచడమెందుకు. ఏడో లెవెల్ వాడలో పెట్టేస్తే సరి. కింద పడుకునేది వాళ్లే, వాళ్లకు ఫ్యాన్ సరిగ్గా తిరుగుతుంది. ఊరులో నా వెర్షన్ నాకుంటుంది, ఆరు లెవెళ్లలో కరెంటు ఆదా అలాగే ఉంటుంది, కమిటీలో ఎవరూ నన్ను ఏమీ అడగరు. ప్యాకేజీ సగం కట్టేశాను కూడా.

మరి నాలుగో లెవెల్ వాళ్లు మాత్రల కోసం ఎందుకు నిలబడ్డారు?

లైను గుర్తొచ్చి కుర్చీలోంచి లేచాను. మంచాలు రాని ముప్పై కుటుంబాలు. నా కొత్త వెర్షన్ వెళ్లింది ఇరవై రెండు రోజుల క్రితం. మీటరు పట్టుకుని నాలుగో లెవెల్‌కు పరుగెత్తాను. పడక హాలులో నేల దగ్గర రెండు పాయింట్ తొమ్మిది. ఒక పెద్దాయన చాప మీద కూర్చుని తల పట్టుకుని ఉన్నాడు. "పైన ఎండ తలనొప్పి సారూ, కిందికొస్తె తగ్గుతదనుకున్నం" అన్నాడు. ఆ మనిషిని పట్టుకుని నేను పని ఎగ్గొడుతున్నాడని రాశాను. ఇదే పుస్తకంలో రాశాను, కొట్టేయను, అలాగే ఉండనిస్తాను.

వాళ్లందరినీ లేపి నిలబెట్టి, ఫ్యాన్ చేత్తో వేసి, పైకొచ్చి సగం కట్టిన ప్యాకేజీ విప్పేశాను. మళ్లీ కట్టాను. పెట్టాల్సిన చోటు: ఊరు. అన్ని లెవెళ్లకూ. రాసినవారు: ఈదునూరి స్వరూప. ప్యాక్ చేసినవారు: చంద్రమౌళి. మార్పుకు కారణం రాసే చోట చాలాసేపు ఆగాను. ప్రతి లెవెల్ తెర మీదా ఆ గడిలో ఏముందో అందరూ చదువుతారు. రాశాను: 'చంద్రమౌళి రెండో పేజీ చదవలేదు.'

రాజేశం దగ్గరికి తీసుకెళ్లాను. కరెంటు ఎక్కువ పడుతుంది, ఒకటి నుంచి మూడు లెవెళ్లలో దీపాలు సగానికి తగ్గించాలి అన్నాను. "మూడుల నువ్వు గూడ ఉంటవ్" అన్నాడు. తెలుసన్నాను. ఫిర్యాదు కాగితం తీసి నా ముందే చింపి, "ఇప్పుడు నీకు అనుమానం ఎవల మీద?" అని అడిగాడు. నామీదే అని చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

రోజు 212

స్వరూప ఇల్లు ఖాళీ చేశాం.

ఏడో లెవెల్ అంతా హాలులో కూర్చున్నారు. నేను ఒక్కొక్కటీ చదివాను, ఓదెలు ఒక్కొక్కదానికీ "తియ్యండ్రి" అన్నాడు. పాటలు. వంటల కొలతలు. తిట్ల పేజీ చదవక్కర్లేదన్నాడు, నేను చదివాను, జనం కడుపుబ్బ నవ్వారు, ఓదెలు కూడా. చివరికి గాలి ప్లగిన్ మిగిలింది. అదేమిటో చెప్పాను. ఆమె అడిగింది నేను చదవలేదనీ, నాలుగో లెవెల్ వాళ్లు ఇరవై రెండు రోజులు నా మూలంగా తలలు పట్టుకు కూర్చున్నారనీ, గట్టయ్య మీద పెట్టిన ఫిర్యాదు తప్పనీ చెప్పాను.

ఆమె రాసిన మూడు వాక్యాలూ చదివాను. "ఊర్లె పెట్టిన" అని ఆమెకు చెప్పినట్టుగానే చెప్పాను. ఓదెలు తెర వైపు చూసి, "అయితె తియ్యండ్రి సారూ" అన్నాడు.

గట్టయ్య ఆమె పేరు మీది ప్రోగ్రామ్ ఆపాడు, ఫ్యాన్ ఆగింది. ఏడాదిలో పరీక్షకు తప్ప ఎన్నడూ ఆపని ప్రోగ్రామ్ అది. ఆ నిశ్శబ్దంలో ఊట చుక్కలు పడటం వినిపించింది. గట్టయ్య తన పేరు కొట్టాడు, ప్రోగ్రామ్ మొదలుపెట్టాడు, నేను అడగకముందే తన పేరు మీదే యంత్రాన్ని అడిగాడు. జవాబు: 'ఊరు'. ఎర్ర తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. నాతో మాత్రం ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. మాట్లాడాలని నేనెలా అడగగలను?

అందరూ చాపలు పరుచుకుంటున్నారు. నేను పైకి వెళ్లాలి. యంత్రం ఊరు అంది, నిజమే. మొన్న కూడా ఊరు అనే అంది. వెళ్లబుద్ధి కాలేదు. ఒక చాప అడిగి ఓదెలు పక్కనే వేసుకుని, మీటరు చెవి పక్కన పెట్టుకుని పడుకున్నాను. సున్నా పాయింట్ తొమ్మిది. ఒకటి పాయింట్ రెండు. ఒకటి పాయింట్ నాలుగు. రెప్ప వేయకుండా చూస్తున్నాను.

ఒకటిన్నర దాటగానే ఫ్యాన్ అందుకుంది.

చీకట్లో ఓదెలు ఇటు తిరిగాడు. "తిరుగుతాంది సారూ, ఇగ పండుకోండ్రి" అన్నాడు.